నోట్లో దారం

4, సోమవారం

నా తప్పు లేదు. ముందు అది రాసిపెట్టుకుంటున్నాను, మిగతావి తర్వాత.

ఈ నోట్‌బుక్కు అసలు దీనికోసం కాదు. కొత్తగా చేరిన అమ్మాయిలకి పాఠం రాసిపెట్టమని చిన్నది ఇచ్చింది. సున్నితమైన చర్మాన్ని ఫేషియల్‌కి ఎలా సిద్ధం చెయ్యాలో నీకు తెలిసినంత ఎవరికి తెలుసక్కా, రెండు పేజీలు రాయి చాలు అంది. చిన్నది అంటే మా పార్లర్ ఓనరే. పదకొండేళ్ళ కిందట నా పక్కన నిలబడి దూది తడిపి పిండటం నేర్చుకుంది, ఇవాళ నాకు మేడం. ఎదురుగా మేడం అనే అంటాను. ఇక్కడ చిన్నది అంటాను. నా రాత నా ఇష్టం.

నిన్న వదిన కూతురికి పీల్ చేశాను. పళ్ళరసాల్లో ఉండే ఆమ్లంతో చర్మం పైపొర తీసేది, మా షాపులో ఉన్నవాటిలో అన్నిటికన్నా తేలికది. ఇవాళ పొద్దున్నే ఆరింటికి వదిన ఫోను. పిల్ల ముఖమంతా కందిపోయిందట, ఎడమ చెంప మీద బొబ్బలు లేచాయట. నీ చేతులు పడిపోను, నీ కళ్ళు చల్లబడ్డాయా అంది. పక్కన కాఫీ తాగుతున్న మా ఆయనకి కూడా వినబడింది. తోడబుట్టిన అక్క గొంతు కదా, ఆయన కప్పు కింద పెట్టి బాల్కనీలోకి వెళ్ళిపోయారు. నేను ఒక్కదాన్నే నిలబడి తిట్లన్నీ తిన్నాను.

ఇరవై రెండేళ్ళలో ఒక్క ముఖం పాడుచెయ్యలేదు నేను. డాక్టర్ల భార్యలు వస్తారు నా చేతికి. పక్క షాపులో కాలి వచ్చినవాళ్ళని నేను బాగుచేసి పంపాను.

చెవి వెనక టెస్ట్ చేశాను. రెండు గంటలు ఆగాను. పీల్ రాసినప్పుడు మండుతోందా అని అడిగాను. పర్లేదు అత్తయ్యా అంది. ఇంకేం చెయ్యాలి మనిషి?

నా తప్పు లేదు.


5, మంగళవారం

చర్మం డాక్టరు దగ్గరికి నేను కూడా వెళ్ళాను. వెళ్ళకపోతే తప్పు చేసినదాన్నని ముఖం చాటేశాననుకుంటారు. పిల్లని దగ్గరగా చూశాను. ఎడమ చెంప, గడ్డం పక్కన, ముక్కు అంచుల దగ్గర పొక్కిపోయి రసి కారుతోంది. నవ్వబోయి ఆగిపోయింది. నవ్వితే లాగుతోందట.

దానికి ఇరవైయో తారీకున పరీక్ష. టీవీలో వార్తలు వస్తుంటే మూలన చిన్న చదరంలో నిలబడి వినలేనివాళ్ళకి చేతులతో చెబుతారే, ఆ ఉద్యోగానికి. నాలుగేళ్ళు నేర్చుకుంది. ఆఖరి పరీక్ష కెమెరా ముందు. మొటిమల మచ్చలు కాస్త తగ్గితే బాగుంటుంది అత్తయ్యా అని అడిగింది, అందుకే ఈ పీలు. నేను ఎగబడి చేసింది కాదు.

డాక్టరు మొదటి ప్రశ్నే అది. రాత్రిళ్ళు ముఖానికి ఏమైనా రాస్తున్నావా అని. పిల్ల సంచిలోంచి ట్యూబు తీసి బల్ల మీద పెట్టింది. మచ్చలు పోవడానికి రాసుకునే క్రీము. అది చర్మం పైపొరని పల్చన చేసేస్తుంది. వాడేవాళ్ళు పీలుకి కనీసం వారం ముందు ఆపెయ్యాలి, ఇది మొదటి నెల నేర్చుకునే పాఠం. డాక్టరు ట్యూబు చూసి, ఇదీ అదీ కలిసి పనిచేశాయి, రెండు మూడు వారాలు పడుతుంది, ఎడమవైపు మచ్చ ఉండిపోయినా ఉండిపోవచ్చు అన్నాడు.

వదిన నావైపు తిరిగింది. "ఈ క్రీము సంగతి నీకు చెప్పిందా?"

"చెప్పలేదు," అన్నాను.

పిల్ల తలెత్తి నన్ను చూసింది. మళ్ళీ తల దించుకుంది.

దారిపొడవునా వదిన దాన్ని తిడుతూనే ఉంది. దొంగచాటుగా రాసుకున్నావు, చెప్పకుండా దాచావు, నీ చేతులారా నీ బతుకు తగలేసుకున్నావు అని. నాకేమీ అనలేదు ఇక. పైగా దిగేటప్పుడు, పొద్దున్న నోరు జారాను, మనసులో పెట్టుకోకు అంది. ఆవిడ నన్ను అలా అనడం పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి.


6, బుధవారం

పాఠం. ఎలాగైనా ఇవాళ మొదలుపెట్టాలి.

సున్నితమైన చర్మానికి ఫేషియల్ కుర్చీలో మొదలవదు, వారం ముందు ఇంట్లో మొదలవుతుంది. స్క్రబ్బులు ఆపించాలి. రాత్రి రాసే మచ్చల క్రీములు ఆపించాలి. వ్యాక్సింగు, ముఖం మీద దారం పని, మూడు రోజుల ముందే ముగించాలి. వేడినీళ్ళు వద్దు, గోరువెచ్చనివి. తువ్వాలుతో రుద్దకూడదు, అద్దాలి. వాసన లేని క్రీము పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. కొత్తది ఏదీ ఆ వారంలో మొదలుపెట్టకూడదు, ఎవరి బ్యూటీ సలహా అయినా సరే. చెవి వెనక చిన్న బొట్టంత రాసి ఒక రోజు పూర్తిగా ఆగాలి. కొందరికి రెండు రోజులు.

కస్టమరు అన్నీ చెప్పాలి. చెప్పకపోతే మనమేం చెయ్యగలం? మనమేమైనా

చించేద్దామనుకున్నాను. చించలేదు.


7, గురువారం

చిన్నది పెట్టిన ఆ దిక్కుమాలిన ఒక్కరోజు ప్యాకేజీలే దీనికంతటికీ కారణం. పొద్దున టెస్టు, సాయంత్రం మెరుపు అని గోడ మీద అంత పెద్ద బొమ్మ. చర్మం ఏమైనా ఇస్త్రీ బట్టా, ఇచ్చిన పూటే తీసుకుపోవడానికి? ఎన్నిసార్లు మొత్తుకున్నాను. అందరికీ తొందర నేర్పి కూర్చుంది.


8, శుక్రవారం

చిన్నది పిలిచి తలుపేసింది. మీ మేనకోడలు ముఖం ఫోటో తీసి ఫోనులో ఎక్కడైనా పెడుతుందా అక్కా, షాపు పేరు పోతుంది అంది. దాని ముఖం ఎలా ఉందని అడగలేదు. అడిగాక చెబుదామని చూస్తూ నిలబడ్డాను. అడగలేదు.

తర్వాత కార్డు తీసింది. ప్రతి కస్టమరుకీ ఒక కార్డు ఉంటుంది, ఏం వాడుతున్నారు, టెస్టు ఎప్పుడు చేశాం, ఎలా ఉందన్నారు. పిల్ల కార్డులో నేను రాసింది ఒకటే మాట, టెస్ట్ దగ్గర, "పర్లేదు." మిగతా గళ్ళన్నీ ఖాళీ. ఇంటిమనిషి కదా అని నింపలేదు.

"క్రీము వాడుతున్నట్టు చెప్పలేదని రాసెయ్యక్కా. నిజమే కదా," అంది.

రాశాను. నా రాతే, గుండ్రంగా, చక్కగా. కస్టమరు తెలియజేయలేదు. కింద సంతకం.

దానికి భయం, అందుకే రాయించుకుంది. పదకొండేళ్ళ కింద వేడి తువ్వాలు ఎంత వేడో మోచేత్తో చూసుకోవాలని నేర్పింది నేను. నాకు అది చెబుతోంది ఏం రాయాలో. కోపంతో ఆ పూట అన్నం సయించలేదు.


9, శనివారం

రోజూ సాయంత్రం వెళ్ళి పిల్లకి ఆయింట్‌మెంటు నేనే రాస్తున్నాను. వదిన చెయ్యి మొరటు. నీళ్ళు కాచి చల్లార్చి, మెత్తటి గుడ్డ తడిపి, పిండి, ముఖం మీద ఊరికే పరుస్తాను. నొక్కను. ఆరకముందే ఆయింట్‌మెంటు, వేలి కొసతో, లోపలినుంచి బయటికి. ఆ పని చేస్తున్నంతసేపూ నాకు బాగానే ఉంటుంది. లేచి చెయ్యి కడుక్కోగానే మనసులో పీకులాట మొదలవుతుంది.

ఇవాళ అది అద్దం ముందు కూర్చుని ఉంది. చేతులు కదుపుతూ సాధన చేస్తోంది. చేతులు బాగానే ఉన్నాయి కదమ్మా, ముఖంతో ఏం పని అన్నాను ధైర్యం చెప్పడానికి. అలా కాదు అత్తయ్యా అంది. చేతులు మాటట, ముఖం గొంతట. కనుబొమ్మలు పైకి లేపకపోతే అడిగింది ప్రశ్న అవదట, ఊరికే చెప్పినట్టు ఉంటుందట. బుగ్గలు పూరిస్తే పెద్దది అనట, పెదవులు బిగిస్తే కచ్చితంగా అనట. ముఖం కదలకపోతే చూసేవాళ్ళకి గొంతులో గుడ్డ కుక్కుకుని మాట్లాడినట్టు ఉంటుందని దాని మాట. బుగ్గలు పూరించి చూపించబోయింది. చెంప మీద పొక్కు పగిలి రక్తం వచ్చింది.

పర్లేదు అత్తయ్యా అంది.

వదిన దాని క్రీములన్నీ చెత్తబుట్టలో పడేసింది, ఒంటికి రాసుకునేది కూడా. నీకు దొంగబుద్ధి, దాచే బుద్ధి, నిన్ను నమ్మి ఎవరు ఉద్యోగమిస్తారు అని నా ముందే అంది. ఒక్క మాట ఎదురు చెప్పొచ్చు కదా ఆ పిల్ల. నోట్లో నాలుక లేనట్టు కూర్చుంటుంది. అలా కూర్చుంటే చూసేవాళ్ళకి ఒళ్ళు మండదూ. నాకే మండింది.


10, ఆదివారం

చిన్నది పోయిన ఆదివారం అసలు షాపులోనే లేదు. ఊరెళ్ళింది.


11, సోమవారం

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. ఏ లిఫ్టు ఆగినా ముందు అక్కడున్నవాళ్ళని వరసగా అడుగుతారు, ఎన్నింటికి ఆగింది, ఎవరున్నారు, ఎవరేం నొక్కారు. ఇంట్లోనూ అదే అలవాటు. ఇవాళ అన్నం తింటూ, నా పెళ్ళాం చెయ్యి తప్పదు, పిల్లే తప్పు చేసిందని అక్కకి కూడా చెప్పాను అన్నారు. అని ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు.

"ఆ రోజు అక్కనీ పిల్లనీ నేను పన్నెండున్నరకి కదా దింపింది నీ దగ్గర. అంతా అయిపోయిందని పిల్ల నాకు ఫోటో పంపింది ఒకటీ నలభైకి. రెండు గంటలు ఆగావన్నావు. ఎక్కడివి ఆ రెండు గంటలు?"

నన్ను అనుమానించి అడగలేదు. లెక్క కుదరలేదు కాబట్టి అడిగారు, అంతే. నాకు మాత్రం నెత్తిన మొట్టినట్టయింది. నువ్వు బోల్టులు బిగించుకునే మనిషివి, నా పని సంగతి నీకేం తెలుసని అరిచాను. కంచం అక్కడే వదిలి లేచాను. ఆయన నా కంచం కూడా తీసి కడిగారు. అదింకా కోపం తెప్పించింది.


12, మంగళవారం

రెండు గంటలు కాదు.

వదిన వెళ్ళి ఎదురుగా ఉన్న కొట్లో జాకెట్టు గుడ్డ కొనుక్కొచ్చేంతసేపు. ఇరవై నిమిషాలు. పాతిక అనుకో.

నేను చెప్పాను, ఇవాళ టెస్టు మాత్రమే, పీలు రేపు అని. చెప్పాను. రెండు కుర్చీల్లో కస్టమర్లున్నారు. వాళ్ళ ముందే వదిన నవ్వింది. సొంత మేనకోడలికి కూడా రూల్సేనా, ముఖం కడగడానికి ఇంత బిల్డప్పా, చెయ్యడం చేతకానివాళ్ళే టెస్టు టెస్టు అంటారు అంది. కస్టమరు ఒకావిడ అద్దంలో నన్ను చూసింది.

నాకు తల కొట్టేసినట్టయింది. చేతకాకపోవడమా, నాకా? సరే చూడు అనుకున్నాను. గుడ్డ కొనుక్కొచ్చిన ఆవిడకి సీసా మూత తీసిన చప్పుడు వినబడాలని మరీ తీశాను.

పిల్ల చెవి వెనక చూశాను. ఎర్రగా ఉంది. కమ్మ ఒత్తుకుందేమో అనుకున్నాను.

అది కమ్మలు పెట్టుకోలేదు ఆ రోజు.

మనసు బాగోలేనప్పుడు ఎవరి ముఖం మీదా చెయ్యి వెయ్యొద్దని నేను నేర్పిన ప్రతి అమ్మాయికీ చెప్పాను. చిన్నదానికీ చెప్పాను. కోపం వేళ్ళలోకి దిగుతుంది, బరువు తెలియదు, టైము తెలియదు. ఆ రోజు నా వేళ్ళ మీద వదిన కూర్చుని ఉంది.

అయినా క్రీము సంగతి అది చెప్పి ఉంటే నేను పీలే వద్దనేదాన్ని. చెప్పలేదు కదా.


13, బుధవారం

పిల్ల దగ్గర్నుంచి ఒక ఫోను వచ్చిన మాట నిజమే. పీలుకి ముందు బుధవారం. ఏమందో సరిగ్గా వినబడలేదు. నేను ఒకావిడ కనుబొమ్మలు తీస్తున్నాను, ఫోను స్పీకర్లో పెట్టి అరలో ఉంది, నా నోట్లో దారం ఉంది. నోట్లో దారం పెట్టుకున్న మనిషి ఏం మాట్లాడుతుంది?


14, గురువారం

ఇవాళ ఒక టీచరమ్మకి క్లెన్సింగు చేస్తున్నాను. మామూలు పాల క్లెన్సరే. ఎలా ఉందండీ అంటే పర్లేదు అంది. నాకేమైందో తెలియదు, చెయ్యి ఆపి అడిగాను.

"పర్లేదంటే ఏంటండీ? మండుతోందా, లేదా?"

ఆవిడ కళ్ళు తెరిచి బిత్తరపోయింది. కొంచెం చురుక్కుమంటోంది, అలాగే ఉంటుందేమో అనుకున్నాను అంది. తుడిచేశాను. బుగ్గ మీద పలచగా ఎరుపు.

ఆ తర్వాత పట్టుకుంది నన్ను. రోజంతా ఎవరు పర్లేదన్నా రెండోసారి అడిగాను, ఇలాగే, మొహమాటం లేకుండా. ఏడుగురు పర్లేదన్నారు. అందులో నలుగురికి మండుతోంది. ఒకామెకి మెడ నొప్పి, తలగడ ఎత్తు చాల్లేదట, అరగంటనుంచి ఓర్చుకుంటోంది. ఒకామె మీరు కష్టపడి చేస్తున్నారు కదా, మధ్యలో ఆపమంటే ఏం బాగుంటుంది అంది.

ఇరవై రెండేళ్ళుగా ఈ మాట వింటున్నాను నేను. వినగానే లోపల ఒక టిక్కు పెట్టుకుని ముందుకు పోయాను. నొప్పి లేదన్నారనుకున్నాను. వాళ్ళు అన్నది ఓర్చుకుంటాను అని. ఎంతమంది ముఖాల మీద ఇలా నడిచి వచ్చానో. సాయంత్రం ఆఖరి కస్టమర్ని పక్కమ్మాయికి అప్పగించాను. చిన్నది అద్దాల గదిలోంచి చూసింది. చూడనీ.


15, శుక్రవారం

పాఠం, మళ్ళీ.

బాగుందా అని అడగొద్దు. బాగుందా అని అడిగితే ఎవరైనా బాగుందనే అంటారు, మర్యాదకి. మండుతోందా, చురుక్కుమంటోందా, లాగుతోందా, ఇలా పేరు పెట్టి అడగాలి. అర నిమిషానికి ఒకసారి అడగాలి. నోటి జవాబు ఒక్కటే వినొద్దు. కాలి వేళ్ళు చూడు, ముడుచుకుంటున్నాయా. చేతులు చూడు, దుప్పటి అంచు పట్టుకున్నాయా. కళ్ళ కొసల్లో తడి ఉందా. పర్లేదు అంటే కడిగెయ్యాలి.

పిల్ల కళ్ళ కొసల్లో తడి ఉంది.

చూశాను. దూదితో తుడిచాను కూడా. తుడిచి పని కానిచ్చాను. ముఖంతో మాట్లాడే పిల్ల అది, నాలుగేళ్ళు చదివింది ముఖంతో మాట్లాడటం. ముఖాలే నా పని. ఆ ముఖం నా చేతుల్లో ఉండగా ఏం చెబుతోందో చూసి కూడా వదినకి గెలిచి చూపించాలని కూర్చున్నాను.


16, శనివారం

దారం పళ్ళ మధ్య పెట్టుకుని నేను రోజంతా మాట్లాడతాను. ఇరవై రెండేళ్ళుగా మాట్లాడుతున్నాను. పిల్లలెలా ఉన్నారు, పెళ్ళి ఎప్పుడు, తల కదపకండి, అన్నీ దారం పెట్టుకునే అంటాను. ఎవరికి చెబుతున్నాను ఈ సాకులు? ఈ నోట్‌బుక్కుకా?

బుధవారం ఏం జరిగిందో రాస్తాను.

అత్తయ్యా, నేను రాత్రిళ్ళు మచ్చలకి ఒక క్రీము రాస్తున్నాను, మందుల షాపులో ఇచ్చిందే, పీలు చేయించుకునేవాళ్ళు ఆపాలని ఎక్కడో చదివాను, ఆపాలా అని అడిగింది. అంత స్పష్టంగా అడిగింది. పేరు కూడా చదివి చెప్పింది. నేను ఎడమ కనుబొమ్మ కింద వరస తీస్తున్నాను, చర్మం కోసుకోకుండా రావాలి, నా మనసంతా అక్కడ ఉంది. వెనక ఇద్దరు వెయిటింగు. ఫోను పెట్టెయ్యాలి.

పర్లేదులే అన్నాను.

సరే అత్తయ్యా అంది. నేను పర్లేదన్నాను కాబట్టి శనివారం రాత్రి కూడా రాసుకుంది.

డాక్టరు దగ్గర దాని తలెత్తడం గుర్తొస్తోంది. అది నన్ను నిందించే చూపు కాదు. నేనేదో చెబుతాననుకుని చూసింది. నేను "చెప్పలేదు" అన్నాను. ఆ ఒక్క మాటతో అది దొంగ అయింది, దాచే బుద్ధి గలది అయింది. పన్నెండు రోజులుగా వాళ్ళమ్మ చేత తిట్లు తింటోంది, నేను రోజూ సాయంత్రం వెళ్ళి ఎంతో ప్రేమగా ఆయింట్‌మెంటు రాస్తున్నాను. వదిన నాకు టీ ఇస్తోంది. నేను తాగుతున్నాను.

నా ముఖం మీద నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తోంది.


17, ఆదివారం

చెప్పాలనే వెళ్ళాను. ఇంటినిండా వదిన అత్తగారి తరపువాళ్ళు. అందరూ పిల్ల ముఖం వంగి వంగి చూస్తున్నారు. ఏదో రాసుకుందట, చెప్పలేదట అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. వదినకి మళ్ళీ మళ్ళీ చెప్పి కంఠతా వచ్చేసింది ఆ కథ.

చెప్పలేదు. ఆయింట్‌మెంటు రాసి వచ్చేశాను.


18, సోమవారం

ముందు మా ఆయనకి చెప్పాను. లిఫ్టు లెక్కలా వరసగా, ఎన్నింటికి, ఎవరు, ఏమన్నారు. విన్నారు. అక్కకి నేను చెప్పనా అన్నారు. వద్దన్నాను. మరి నేను అక్కకి చెప్పింది అబద్ధమైంది కదా అన్నారు. అవునన్నాను. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన నన్ను పలకరించకుండా డ్యూటీకి వెళ్ళడం ఇవాళే.

షాపులో చిన్నది ముందు కార్డు పెట్టి, నేను రాసిన వాక్యం కొట్టేసి, కింద రాశాను. కస్టమరు ముందే చెప్పింది. వాడొచ్చని నేనే అన్నాను. టెస్ట్ ఇరవై నిమిషాలు. ఎరుపు కనిపించింది. సంతకం.

చిన్నది చదివి తెల్లబోయింది. ఎందుకక్కా కెలుక్కోవడం, ఎవరూ అడగలేదు కదా అంది. తర్వాత గొంతు తగ్గించి, అయితే కొన్నాళ్ళు ముఖాల పని వద్దక్కా, కాళ్ళూ చేతులూ చూడు అంది. నేను దానికి నేర్పిన పనినుంచి నన్ను తీసేస్తోంది. నోటిదాకా వచ్చింది ఏదో అనేద్దామని. ఏమనాలి? దాని స్థానంలో నేనైనా అదే చేస్తాను. పెడిక్యూర్ టబ్బు కడుక్కుని కూర్చున్నాను. టబ్బు గీకుతూ గీకుతూ చిన్నదాన్ని తిట్టుకున్నాను, వదినని తిట్టుకున్నాను, క్రీము తయారుచేసినవాణ్ణి తిట్టుకున్నాను. అందరూ అయిపోయాక టబ్బు తెల్లగా మెరుస్తోంది, తిట్టడానికి ఎవరూ మిగల్లేదు.


19, మంగళవారం

పొక్కులు రాలిపోయాయి. కింద కొత్త చర్మం గులాబీ రంగులో ఉంది, పల్చగా. ఎడమ చెంప మీద రూపాయి బిళ్ళంత ముదురు మచ్చ. పౌడరు గీడరు ఏదీ వెయ్యడానికి లేదు, రేపు అలాగే నిలబడాలి కెమెరా ముందు.

నేను వెళ్ళేసరికి వదిన కూరగాయలు తరుగుతోంది, పిల్ల కిటికీ దగ్గర సాధన చేస్తోంది. కూర్చోకుండానే చెప్పేశాను. కూర్చుంటే టీ ఇస్తుంది, తాగాక నోరు రాదు. వదినా, క్రీము సంగతి పిల్ల నాకు ముందే చెప్పింది, నేనే పర్లేదన్నాను, డాక్టరు దగ్గర అబద్ధమాడాను. టెస్టు కూడా సరిగ్గా చెయ్యలేదు. దాని తప్పు ఏమీ లేదు.

వదిన కత్తిపీట పక్కకి జరిపింది. నా మీద పడుతుందనుకున్నాను, తిట్టినా కొట్టినా పడదామనే వెళ్ళాను. ఆవిడ నావైపు చూడను కూడా చూడలేదు. కూతురి వైపు తిరిగింది.

"నువ్వు చెప్పావా అత్తయ్యకి?"

"చెప్పాను."

"మరి ఇన్నాళ్ళూ నేను అన్ని మాటలంటుంటే నోరెందుకు విప్పలేదే?"

పిల్ల చేతులు కిందికి దించింది. వాళ్ళమ్మకి కాదు, నాకు చెప్పింది జవాబు.

"మీరే చెబుతారని చూశాను అత్తయ్యా. మొదటిరోజు కంగారులో అనేశారనుకున్నాను. రేపు చెబుతారు అనుకున్నాను. రోజూ వచ్చేవారు కదా. గుడ్డ పరిచేటప్పుడు ఇవాళ చెబుతారు అనుకునేదాన్ని. ఆయింట్‌మెంటు రాసేటప్పుడు అనుకునేదాన్ని. మీరు చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయేవారు."

గొంతు పెంచలేదు. నేను క్షమించమని అడగబోయాను. అడిగితే ఏమంటుందో నాకు తెలుసు, ఆ మాటే అంటుంది, అలవాటు కొద్దీ. ఆ మాట దాని చేత ఇంకోసారి అనిపించలేను. అడగలేదు.

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. పిల్ల దగ్గరికి వెళ్ళబోయి మధ్యలో ఆగిపోయింది, ఏ ముఖం పెట్టుకుని వెళుతుంది. మేమిద్దరం పెద్దవాళ్ళం ఆ గదిలో చెరోమూల నిలబడ్డాం. ఇద్దరికీ ఆ పిల్ల ముఖం చూసే ధైర్యం లేదు.

రేపు పొద్దున నేను వచ్చి ఆయింట్‌మెంటు రాసి పరీక్షకి తీసుకెళతాను అన్నాను.

"వద్దు అత్తయ్యా," అంది.

అమ్మతో వెళతావా అన్నాను. ఒక్కదాన్నే వెళతానంది. కనీసం గుమ్మం దాకా, బయట నిలబడతాను అన్నాను.

"రావద్దు. మీరు వస్తే నాకు కోపం వస్తుంది. రేపు నా ముఖం నాకు కావాలి."

అది అంటున్నప్పుడు కనుబొమ్మలు దగ్గరికొచ్చాయి, ముక్కుపుటాలు అదిరాయి, ఎడమ చెంప మీద ఆ కొత్త చర్మం ఎర్రగా బిగుసుకుంది. లాగి ఉంటుంది, నొప్పి పుట్టి ఉంటుంది. అయినా ఆపలేదు. ఏమీ దాచుకోకుండా అంతా చూపించింది నాకు, నేను తల దించుకునేదాకా.


20, బుధవారం

పది గంటలకి పరీక్ష. నేను వెళ్ళలేదు.